భోగి పొగ, విమానాల సంకేత భాష



2018 జనవరి 13, భోగి. ఆ ఉదయం మా మేనల్లుడి కోసం మీనంబాకం విమానాశ్రయం బయట నిలబడ్డాను. ఎదురుగా ఉన్న దీపస్తంభం కూడా సరిగా కనబడలేదు. వాడి విమానం దిగలేక బెంగళూరుకు మళ్ళింది. ఆ రోజు చాలా విమానాలది అదే గతి. అందరూ మంచు, మంచు అన్నారు. నా కళ్ళు మాత్రం రబ్బరు కాలిన పొగకు మండుతున్నాయి.

విమానాశ్రయాలు అరగంటకోసారి ఒక వాతావరణ వరుస పంపుతాయి. దాన్ని మెటార్ అంటారు. చదవడం ఏమంత కష్టం కాదు. నేర్చుకోవడానికి ఇదిగో నేను రాసిన నమూనా:

వీఓఎంఎం 130130జెడ్ 00000కేటీ 0050 ఎఫ్‌జి ఎఫ్‌యు 19/18 క్యూ1015

వీఓఎంఎం అంటే చెన్నై. వీ మన ప్రాంతం గుర్తు, ఓ దక్షిణాది. అదే ముంబైకైతే వీఏబీబీ, భువనేశ్వర్‌కు వీఈబీఎస్. తరువాత 13వ తేదీ, 01:30 గంటలు. ఇది గ్రీనిచ్ సమయం కాబట్టి అయిదున్నర గంటలు కలపండి, మన ఉదయం ఏడు. అయిదు సున్నాలంటే గాలి స్తంభించిందని. అదే 27008 అని ఉంటే పడమటి నుంచి 8 నాట్ల గాలి అన్నమాట. 0050 అంటే చూపు 50 మీటర్లే. 19 ఉష్ణోగ్రత, 18 డ్యూ పాయింట్. ఈ రెండూ దగ్గరపడ్డాయంటే గాలిలోని తేమ మంచుగా మారబోతోందని హెచ్చరిక. చివరిది వాయుపీడనం.

ఈ పొదుపు తంతివార్తల కాలం నాటిది. తంతికి మాట లెక్కన డబ్బు. అందుకే పరిశీలకులు ఆకాశాన్ని అంకెల్లోకి కుదించారు. చెన్నై నుంగంబాకంలో 1792లోనే వేధశాల వెలిసింది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. 1932 అక్టోబరులో టాటాల తపాలా విమానం కరాచీ నుంచి బొంబాయి, మన బళ్ళారి మీదుగా మద్రాసు చేరినప్పుడు అందులో రేడియో కూడా లేదు. నడిపేవారికి కళ్ళే ఆధారం. మెటార్ అనే అంతర్జాతీయ రూపం 1968లో అమలులోకి వచ్చింది.

ఇక ఎఫ్‌జి, ఎఫ్‌యు. మొదటిది ఇంగ్లీషు ఫాగ్, అంటే మంచు. రెండోది ఫ్రెంచి ఫ్యుమే, అంటే పొగ. పలచని మంచుకు రాసే బీఆర్ కూడా ఫ్రెంచి బ్రూమ్ నుంచే వచ్చింది. యానాంలో ఫ్రెంచి బడిలో చదివిన పెద్దలకు ఇవి పాత చుట్టాలే!

మన తెలుగులో రెంటినీ కలిపి పొగమంచు అనేస్తాం. సంకేత భాష మాత్రం దేనికది విడిగా రాస్తుంది. ఆ విడదీతలోనే మన బాధ్యత ఉంది. మంచు దేవుడిచ్చింది, పొగ మనం పెట్టింది. జనవరి తెల్లవారుజామున నేల చల్లబడి, గాలి కదలక, పొగ పైకి పోదు. ఆ పొగ రేణువులనే పట్టుకుని తేమ చిన్నచిన్న బిందువులవుతుంది. అలా మంచు ఇంకా చిక్కబడుతుంది.

భోగి మనకూ తమిళ సోదరులకూ ఉమ్మడి పండుగ. ఊరు విడిచి తరాలు గడిచినా పిల్లలకు తెలుగుతనం అంటించే పొద్దు అది. దాన్ని మానేద్దామని నేను అనను. టైర్లు, ప్లాస్టిక్కు, పాత పరుపులు మాత్రం మన పూర్వుల మంటలో ఎన్నడూ లేవు. అవి వేసి సంప్రదాయమని చెప్పుకోవడం పెద్దల పేరు చెడగొట్టడమే.

నా మనవి ఒకటే. ఈసారి వీధికొకటి కాకుండా సంఘం తరఫున ఒకే మంట వేద్దాం. అందులో పిడకలు, ఎండు కట్టెలు కొద్దిగా చాలు. పాత సామాను అవసరమున్నవారికి ఇద్దాం. పిల్లలకు భోగిపళ్ళు ఎప్పటిలాగే పోద్దాం. వచ్చే సమావేశంలో దీని మీద మీ మాట చెప్పండి.

భోగి ఉదయం మెటార్ చూసి నేను మన గుంపులో పెడతాను. ఎఫ్‌జి ఉంటే ఉండనివ్వండి. దాని పక్కన ఎఫ్‌యు లేకపోతే చాలు.