వకాలత్ పరీక్ష నుండి లాసెట్ దాకా: చేవెళ్ళ–మొయినాబాద్ ప్రాంతంలో పునఃప్రయత్న నిర్ణయం

తెలంగాణలో న్యాయవాద వృత్తి చరిత్రను సాధారణంగా పరీక్ష గెలిచి పేరు పొందినవారి జీవితాల నుండే చూస్తారు. ఆ పరీక్షకు ఎప్పుడు కూర్చోవాలి, తప్పితే మళ్ళీ ఎప్పుడు కూర్చోవాలి అన్న నిర్ణయం అంతగా చర్చకు రాలేదు. పైకి వ్యక్తిగతంగా కనిపించే ఈ నిర్ణయాన్ని భాష, జీవనోపాధి, పరీక్షల కాలపట్టిక శాసిస్తూ వచ్చాయి. హైదరాబాదుకు ఆనుకొని ఉండి కూడా నగరంలో కలిసిపోని చేవెళ్ళ, మొయినాబాద్ మండలాలు ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం.

నిజాం కాలంలో రాజధాని చుట్టూ ఉన్న ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. అది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూభాగం. 1880ల మధ్య నాటికి పాలనలో, న్యాయస్థానాలలో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. తెలుగు ఇంట పుట్టినవాడు వకీలు కావాలంటే ముందు ఉర్దూ సాధించాలి. నేటి మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి ఈ దారినే నడిచారు. ఉర్దూ మాధ్యమంలో న్యాయశాస్త్రం చదివి వకీలై, 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు. అనంతరం ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

నాటి వకీళ్ళలో దర్జాలుండేవి. కింది దర్జాతో వృత్తి మొదలుపెట్టి, సంపాదించుకుంటూనే పై దర్జా పరీక్షకు సిద్ధం కావచ్చు. అందువల్ల పరీక్షకు మళ్ళీ కూర్చోవడమంటే ఏడాది ఖాళీగా గడపడం కాదు. మాడపాటి హనుమంతరావు జీవితం ఇందుకు దగ్గరి ఉదాహరణ. 1885లో పుట్టిన ఆయన చాలాకాలం ఉద్యోగం చేసి, 1917లో గాని న్యాయవాద వృత్తిలోకి రాలేదు. అప్పటికి ఆయన వయస్సు 32. జీతం ఆధారంగా ఉన్నవాడు పరీక్షకు తొందరపడనవసరం లేదు. బొంబాయి విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొందిన బూర్గుల రామకృష్ణారావుది మరో దారి. ఇంగ్లీషు రావాలి, ఇల్లు విడిచి ఉండే స్తోమత కావాలి. స్థానిక భాషలో ఒక దారి, ఇంగ్లీషులో మరో దారి అన్న ఈ చీలిక పేర్లు మారి నేటికీ నిలిచి ఉంది.

భాష సంగతి ఎంత పదునైనదో 1921 నవంబరు 12న తేలింది. హైదరాబాదు వివేకవర్ధినిలో మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆయన వకీలు, కోర్టులో చెల్లిన మనిషి సభలో తన భాష వల్ల చెల్లకపోయాడు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. (1941 నాటి ఆంధ్రమహాసభ జరిగిన చిలుకూరు అప్పటి నల్లగొండ జిల్లాలోనిది, బాలాజీ ఆలయమున్న మొయినాబాద్ చిలుకూరు కాదు. ఈ పొరపాటు తరచు జరుగుతుంటుంది.)

1961 నాటి అడ్వొకేట్ల చట్టం వకీలు, ప్లీడరు భేదాలను తొలగించి ఒకే వర్గాన్ని నిలిపింది. దానితో మెట్లుమెట్లుగా ఎక్కే వీలు పోయింది. వృత్తి ద్వారం కళాశాల ద్వారానికి, ఆపైన ప్రవేశ పరీక్షకు జరిగింది. పునఃప్రయత్నం ఖరీదైనది ఇక్కడే.

నేడు ఇంటర్మీడియట్ విద్యార్థి ముందు రెండు పరీక్షలున్నాయి. 2008లో మొదలైన క్లాట్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు దారి. షామీర్‌పేటలోని నల్సార్ వాటిలో ఒకటి. రాష్ట్ర కళాశాలలకు లాసెట్. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. రుణాత్మక మార్కులు లేవు. ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులో గాని ఉర్దూలో గాని లభిస్తుంది. 2023 ప్రవేశాల క్లాట్ 2022 డిసెంబరు 18న జరిగింది. పరీక్ష డిసెంబరుకు మారడంతో ఇంటర్ వార్షిక పరీక్షలకు ముందే క్లాట్ ఫలితం తెలిసిపోతోంది. తప్పినవారు ఆ వేసవిలోనే లాసెట్ రాయవచ్చు. క్లాటే కావాలనుకుంటే మళ్ళీ డిసెంబరు దాకా ఆగాలి, ప్రవేశం ఆ మరుసటి ఏడే.

ఇక్కడ లెక్క సూటిగా చూడాలి. ఇంటర్ తరువాత నేరుగా చేరితే న్యాయశాస్త్రం ఐదేళ్ళు. మూడేళ్ళ డిగ్రీ చేసి, మళ్ళీ లాసెట్ రాసి, మూడేళ్ళ కోర్సులో చేరితే ఆరేళ్ళు. తేడా ఒక్క ఏడే. అంటే ఒక ఏడాది ఆగి ఐదేళ్ళ కోర్సులో చేరినవాడు, డిగ్రీ దారిన పోయినవాడు ఒకేసారి పట్టా పుచ్చుకుంటారు. రెండవవాడి చేతిలో డిగ్రీ అదనం. రెండేళ్ళు ఆగితే డిగ్రీ దారే దగ్గరవుతుంది. ఈ లెక్క రైతు కుటుంబాలకు కోచింగ్ ప్రకటనలకన్నా ఉపయోగపడుతుంది.

ఆగడం అన్ని సందర్భాలలో వ్యర్థమని అనలేం. వర్తమానాంశాలలో మార్కులు పోతే కొన్ని నెలల శ్రమ చాలు. 2020 నుండి క్లాట్ పూర్తిగా దీర్ఘ గద్యభాగాలపై ఆధారపడుతోంది. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థికి లోపం పఠనవేగంలో ఉంటే, అది ఏడాదిలో తీరేది కాదు. డిగ్రీ చదువుతూ తీర్చుకోవలసినది. తన లోపం ఏ కోవకు చెందినదో పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకొని రాసిన విద్యార్థికే తెలుస్తుంది.

వయస్సు భయం మాత్రం ప్రస్తుతానికి అక్కరలేదు. బార్ కౌన్సిల్ 2008 నియమాలు ఐదేళ్ళ కోర్సుకు 20, మూడేళ్ళ కోర్సుకు 30 ఏళ్ళ సాధారణ గరిష్ఠ పరిమితిని పెట్టాయి. ఎత్తివేసిన ఆ పరిమితిని 2016లో పునరుద్ధరించగా, 2017 మార్చిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఆ నియమం 1917లో ఉండి ఉంటే, 32 ఏట వృత్తిలోకి వచ్చిన మాడపాటి అంత నింపాదిగా పరీక్షకు సిద్ధపడే వీలుండేది కాదు.