జీపు వెనుక ట్రైలర్ - పావు టన్ను చరిత్ర

యుద్ధ చరిత్ర పుస్తకాలు తీసి చూస్తే ట్యాంకులకు, ఫిరంగులకు, విమానాలకు అధ్యాయాలకు అధ్యాయాలు కనిపిస్తాయి. వాటి వెనుక రేషన్, నీళ్ళు, గుండ్లు, వైర్‌లెస్ బ్యాటరీలు మోసుకుంటూ పోయిన రెండు చక్రాల ట్రైలర్‌కు ఒక్క పేజీ కూడా దొరకదు. ఎం.టి.లో పనిచేసిన మన సోదరులందరికీ అది కంటికి అలవాటైన వస్తువే. అయితే అది ఎంత బరువు మోయాలి, ఆ అంకెను ఎవరు ఎందుకు పెట్టారు అనేది ఆలోచించినవాళ్ళు తక్కువ. ఆ అంకె వెనుక పెద్ద కథే ఉంది.

1940 జూలైలో అమెరికా సైన్యం ఒక చిన్న నాలుగు చక్రాల డ్రైవు బండి కావాలని కంపెనీలను అడిగింది. బండి సొంత బరువు 1,300 పౌండ్లు మించరాదని, 600 పౌండ్లు మోయాలని షరతు. కాగితం మీద బాగానే ఉంది గాని అంత తేలికైన ఇనుముతో అంత గట్టి బండి చేయడం ఎవరివల్లా కాలేదు. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ గడువులోపల, సెప్టెంబర్ 23న, మొదటి నమూనా తెచ్చి నిలబెట్టింది. బరువు షరతు దాటిపోయినా బండి మాత్రం నచ్చింది. చివరకు పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు పోయాయి. జీపును ముందుగా తయారుచేసిన బాంటమ్‌కు మిగిలింది ఆ జీపు వెనుక తగిలించే ట్రైలర్ల పని. లోకం తీరు అంతే అనుకోవాలి. ఆ ట్రైలర్లనైనా చాలా చక్కగా చేశారు.

ఆ ట్రైలర్ చక్రాలు, టైర్లు జీపువే. అందువల్ల ఒకే స్టెప్నీ రెంటికీ పనికొచ్చేది. రెండు చక్రాల మధ్య వెడల్పు కూడా జీపుదే కాబట్టి జీపు తొక్కిన దారిలోనే ట్రైలర్ నడిచేది, బురదలో కొత్త గాడి తవ్వుకోవలసిన అవసరం లేదు. తొట్టి నీరు చొరకుండా కట్టారు. ఏరు దాటేటప్పుడు పడవలా తేలుతుంది, లోపల చేరిన నీళ్ళు పోవడానికి అడుగున బిరడాలు. జీపు నుంచి విప్పినప్పుడు ఆనించడానికి ముందర ఒక కాలు. డ్రా బార్ చివర ఇనుప కడియం, అది జీపు వెనక కొక్కెంలో పడితే పైనుంచి మూత, దానికి పిన్ను, పక్కన రెండు గొలుసులు. ఖాళీ బరువు సుమారు 250 కిలోలు. మోయవలసిన బరువు 500 పౌండ్లు, అనగా 227 కిలోలు.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. 'పావు టన్ను ట్రైలర్' అంటే చాలామంది 250 కిలోలు అనుకుంటారు. అమెరికా టన్ను 2,000 పౌండ్లు కాబట్టి అందులో పావు 227 కిలోలు. ఇంగ్లీషువాళ్ళ పాత టన్ను 2,240 పౌండ్లు, అందులో పావు 254 కిలోలు. మన మెట్రిక్ లెక్కలో పావు 250. ఒకే మాటకు మూడు బరువులు! మైదానంలో ఈ తేడా పెద్ద విషయం కాదు గాని, ఘాట్ రోడ్డు మీద ఎదురవాలులో ఎక్కే ముసలి ఇంజనుకు ప్రతి కిలో లెక్కే.

ఆ తొట్టిలో 227 కిలోల కంటే ఎంతో ఎక్కువ పడుతుంది. ఇసుక సంచులు పైదాకా నింపితే అంతకు రెండింతలు, మూడింతలు కూడా ఎక్కించవచ్చు. మరి ఎందుకు ఆపారు? ఇరుసు విరుగుతుందని మాత్రమే కాదు. అసలు కారణం బ్రేకు. ఆ ట్రైలర్‌కు నిలిపి ఉంచినప్పుడు వేసే చేతి బ్రేకు ఒక్కటే ఉంది, నడుస్తున్నప్పుడు పట్టే బ్రేకు లేదు. జీపు కాలి బ్రేకే తనను, తన మనుషులను, వెనకున్న ట్రైలర్‌ను కూడా ఆపాలి. అందుకే జీపు లాగగల గరిష్ఠ బరువు 1,000 పౌండ్లని పుస్తకంలో రాశారు. జీపు సొంత బరువు పెట్రోలు, నీళ్ళతో కలిపి 2,453 పౌండ్లు. అంటే లాగేది తన బరువులో సగం కూడా లేదు. ఈనాడు ఐరోపా దేశాల్లో బ్రేకు లేని ట్రైలర్ 750 కిలోలు దాటరాదని, లాగే కారు బరువులో సగం మించరాదని నిబంధన ఉంది. 1940ల్లో సైన్యం పెట్టుకున్న లెక్క దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

బరువు ఎంత అన్నది ఒక సంగతి, ఎక్కడ పెట్టాం అన్నది రెండో సంగతి. ఇది మన పల్లెటూళ్ళ ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకూ తెలుసు. ధాన్యం బస్తాలన్నీ బండి వెనక భాగంలో వేస్తే నొగ పైకి లేచి, కాడి ఎడ్ల మెడ వదిలి తేలిపోతుంది, పట్టెడ గొంతుకు బిగుస్తుంది. అన్నీ ముందు వేస్తే మెడలు కుంగిపోతాయి. కాడి మీద కొద్దిగా మొగ్గు ఉండేలా సర్దినవాడే బండివాడు. ట్రైలర్‌దీ అదే శాస్త్రం. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద పడాలి. వెనక బరువైతే జీపు వెనక చక్రాలు తేలిక పడి, ట్రైలర్ పాము తోకలాగా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు కంగారులో బ్రేకు తొక్కితే జీపు అడ్డం తిరుగుతుంది.

లాగే బరువు లెక్క తప్పితే ఏమవుతుందో మన దేశపు గడ్డ మీద నుంచే ఒకసారి పెద్ద ఎత్తున రుజువైంది. అది రోడ్డు మీద కాదు, ఆకాశంలో. 1944 మార్చి 5 రాత్రి అస్సాంలోని లాలాఘాట్ నుంచి జనరల్ వింగేట్ చిండిట్ దళాల కోసం గ్లైడర్లు బర్మా అడవుల్లోని 'బ్రాడ్‌వే' అనే మైదానానికి బయలుదేరాయి. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం, ఒక విధంగా రెక్కలున్న ట్రైలరే. ఒక్కో డకోటా రెండేసి గ్లైడర్లను నైలాన్ తాళ్ళతో లాగింది. శత్రువు మధ్యలో దిగబోతున్నామని తెలిసిన సైనికులు అదనంగా గుండ్లు, రేషన్ సర్దుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం, ఎవరైనా అదే చేస్తారు. కాని కొండలు దాటే ఎత్తులో తాళ్ళు తెగిపోయాయి. అరవైకి పైగా బయలుదేరితే సుమారు సగమే గమ్యం చేరాయి. ఆ తర్వాత డకోటాకు ఒక్క గ్లైడరే కట్టారు. విమానం అదే, తాడు అదే, బరువు మాత్రం మారింది.

ఫిరంగి దళం వాళ్ళకు ఈ బాధ తక్కువ. 25 పౌండర్ ఫిరంగికి, దాన్ని లాగే బండికి మధ్య లింబర్ అనే గుండ్ల ట్రైలర్ ఉండేది. అందులో 32 గుండ్లకు అరలు కట్టి ఉండేవి. 33వది పెట్టాలన్నా చోటు లేదు. బరువు నిర్ణయం తయారుచేసినవాడు చేసేశాడు, ఎక్కించేవాడికి వదల్లేదు. జీపు ట్రైలర్ మాత్రం నోరు తెరుచుకున్న తొట్టి. దాని బరువు సి.క్యు.ఎం.హెచ్. కలానికి, డ్రైవరు ధైర్యానికి వదిలేసినట్టే. నా దృష్టిలో లింబర్ చేసినవాడే తెలివైనవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బిగించి, తర్వాత ఇక్కడే తయారుచేసింది. 1959 నుంచి జబల్‌పూర్‌లో జర్మనీ మ్యాన్ కంపెనీ లైసెన్సుతో శక్తిమాన్ ట్రక్కు, 1960ల చివరి నుంచి నిస్సాన్ నమూనాలో జోంగా వచ్చాయి. వీటన్నిటి వెనకా ఏదో ఒక ట్రైలర్ నడిచింది. నీళ్ళ ట్రైలర్, జనరేటర్ ట్రైలర్, సామాను ట్రైలర్ లేని యూనిట్ ఉండేది కాదు. ఎందుకు అవసరం పడిందో ఒక లెక్క చూద్దాం. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో 4 గ్రెనేడియర్స్ కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద అమర్చిన 106 మి.మీ. ఆర్.సి.ఎల్. గన్‌తో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను కొట్టి పరమవీర చక్ర పొందిన సంగతి మనకందరికీ తెలుసు. ఆ గన్ బరువు సుమారు 210 కిలోలు. ఒక్కో గుండు దాదాపు 17 కిలోలు. గన్, ముగ్గురు మనుషులు, ఆరు గుండ్లు కలిపితేనే 500 కిలోలు దాటుతుంది. ఏడో గుండు నుంచి ఇంకో బండి వెతుక్కోవాలి, లేదా వెనక ట్రైలర్ కట్టుకోవాలి. ట్రైలర్ కడితే పరుగు తగ్గుతుంది, ఇరుకు చోట వెనక్కి తిప్పడం కష్టం. ట్యాంకు ఎదుట అది ప్రాణానికే ముప్పు. ఎక్కువ మోయడమా, చురుగ్గా కదలడమా అన్న ఈ బేరం ఆనాటి నుంచి నేటికీ తెగలేదు.

కొండల్లో లెక్క ఇంకా మారుతుంది. 1962లో తేజ్‌పూర్ వైపు నుంచి బొమ్డిలా, సే లా మీదుగా తవాంగ్ పోయే దారి ఒక టన్ను బండ్లకే అతికష్టం మీద సరిపోయేది. సే లా ఎత్తు 13,700 అడుగులు. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు నూటికి సుమారు మూడు వంతుల చొప్పున శక్తి కోల్పోతుంది. ఆ లెక్కన 60 గుర్రాల జీపు ఆ కనుమ మీద సుమారు 35 గుర్రాలకు దిగిపోతుంది. ట్రైలర్ మాత్రం ఒక్క కిలో కూడా తగ్గదు. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. దిగేటప్పుడు బ్రేకు లేని ట్రైలర్ జీపును వెనకనుంచి నెడుతూనే ఉంటుంది. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అని ఉస్తాదులు కొత్త డ్రైవర్లకు చెప్పింది ఇందుకే. ఒక సెక్టార్‌లో బొగ్గు బస్తాలు అంచుదాకా నింపిన ట్రైలర్, మలుపులో జీపును కొండ గోడకు నొక్కిపెట్టడం నేను చూశాను. గోడ వైపు మలుపు కావడం వల్ల ఇద్దరు మనుషులు బతికారు. అదే లోయ వైపయితే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

1990ల నుంచి జిప్సీ వచ్చింది. దాని మోత 500 కిలోలు. మనుషులు, ఆయుధాలు, సెట్లు, చలి సామాను పెరిగేకొద్దీ అది చాలలేదు. ఆ తరువాతి తేలిక బండికి కనీసం 800 కిలోలు మోయాలని సైన్యం షరతు పెట్టింది. 2017లో టాటా సఫారీ స్టార్మ్‌కు 3,192 బండ్ల ఆర్డరు ఇచ్చినప్పుడు ఆ తరగతి పేరే జి.ఎస్. 800. బరువును పేరులోనే పెట్టేశారు.

పదవీ విరమణ చేసిన మన సోదరుల్లో కొందరు పాల క్యాన్లకో, టెంటు సామానుకో, పొలం పనికో కారు వెనక కట్టే ట్రైలర్ కొనాలని అడుగుతుంటారు. అందరూ మొదట చూసేది తొట్టి పొడవు, వెడల్పు. నేను మాత్రం పలకం చూడమంటాను. దాని మీద మొత్తం బరువు, ఖాళీ బరువు ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే మీ సామాను. మన దేశంలో మొత్తం బరువు 750 కిలోల లోపు ట్రైలర్లు టి-1 తరగతి, అక్కడి నుంచి 3.5 టన్నుల దాకా టి-2. టి-1 ట్రైలర్ ఖాళీగా 300 కిలోలు తూగితే మీరు వేయగలిగేది 450 మాత్రమే. దళసరి రేకుతో గట్టిగా చేశామని అమ్మేవాడు చెబితే సంతోషించకండి, ఆ రేకు బరువు మీ సామానులోంచే పోతుంది. తర్వాత మీ కారు పుస్తకంలో లాగే బరువు ఎంత రాశారో చూడాలి. రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ లెక్క. రిజిస్ట్రేషన్ సంగతి ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో కనుక్కోవాలి.

ఇక సైన్యంలో ఈ లెక్క ఎంత పక్కాగా ఉండేదో బండి ముందర పసుపు రంగు గుండ్రటి గుర్తు చూస్తే తెలుస్తుంది. అందులో నల్ల అంకె ఆ బండి ఏ తరగతి వంతెన మీద పోవచ్చో చెప్పేది. ట్రైలర్ లాగే బండికి బ్రిటిష్ కాలం నుంచి ఆ గుర్తులో రెండు అంకెలు, భిన్నం రాసినట్టు ఒకదాని మీద ఒకటి ఉండేవి. కింది అంకె బండి ఒక్కటే వస్తే, పై అంకె ట్రైలర్‌తో కలిసి వస్తే. బెయిలీ వంతెన మొదట్లో నిలబడ్డ ఇంజనీర్ జవాను ముందుగా బండి వెనక ట్రైలర్ ఉందా లేదా అని తొంగిచూసి, ఆ తర్వాతే ఏ అంకె చదవాలో నిర్ణయించుకునేవాడు.