చంద్రగిరి దుర్గకథనము - శాసనము, ఐతిహ్యము

తిరుపతికి పడమరగా ఇంచుమించు 12 కిలోమీటరుల దూరమున, స్వర్ణముఖీనది చేరువను, చంద్రగిరి దుర్గము కలదు. కొండపాదమున రాజమహలు, రాణిమహలు అను రెండు మేడలు నేటికిని నిలిచియున్నవి. రాజమహలు మూడంతస్తుల కట్టడము. రాయి, ఇటుక, సున్నములతో నిర్మితము. దూలములకు సయితము కొయ్యను వాడలేదు. పురావస్తుశాఖవారు దీనియందు వస్తుప్రదర్శనశాలను నెలకొల్పి, గుడిమల్లము, గండికోట, యాగంటి మొదలగు తావులనుండి తెచ్చిన విగ్రహముల నుంచిరి. ఈ మహలు ముంగిట ఆరుబయట జనులు కూర్చుండి వినునట్లు, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట దీపకాంతులతోను ధ్వనులతోను దుర్గచరిత్రను చెప్పు ప్రదర్శనమును రాష్ట్ర పర్యాటకశాఖవా రేర్పఱచిరి.

ఇట్టి ప్రదర్శనము మొదట ఫ్రాన్సుదేశమున షాంబోర్ కోటయందు 1952వ సంవత్సరమున పుట్టినది. మన దేశమున ఢిల్లీ ఎఱ్ఱకోటకును, మన గోలకొండకును వచ్చినది. అయినను రాత్రివేళ బయలున కూర్చుండి కథ వినుట మనవారికి క్రొత్త గాదు. చిత్తూరుసీమయందు ధర్మరాజుల గుళ్లకడ జరుగు భారతమహోత్సవములలో పగలు హరికథయు, రాత్రి వీధినాటకమును నడచును. కడపటి దినమున నేలపై మట్టితో తీర్చిన దుర్యోధనుని భారీ విగ్రహముకడ వధాఘట్టము జరుగును. అచ్చటి శ్రోతలు తాము వినునది కావ్యకథ యని యెఱిగియే విందురు. దుర్గము ముంగిట అట్లు గాదు. గోడయే సాక్షిగా నిలుచుటచే చెప్పినదెల్ల సత్యమని వినువారు నమ్ముదురు. కావున ఇచ్చటి కథకుని బాధ్యత హెచ్చు. మూడుదాహరణములచే ఈ విషయమును విశదీకరింతును.

మొదటిది, చెన్నపట్టణపు దానము. 1639వ సంవత్సరమున శ్రీరంగరాయలు ఈ రాజమహలునందే ఆంగ్లేయులకు సముద్రతీరభూమిని వ్రాసియిచ్చెనని ప్రతీతి. విచారింపగా, 1639 నాటి పత్రము దామెర్ల వేంకటాద్రినాయకు డొసగినది. ఆంగ్లేయులపక్షమున పొందినవాడు ఫ్రాన్సిస్ డే. నాడు సింహాసనమున నుండినది మూడవ వేంకటపతిరాయలు. అతడు 1642లో గతించిన పిమ్మటనే శ్రీరంగరాయలు రాజయ్యెను. 1645లో ఆ దానమును స్థిరపఱచెను. జనులు రెండు పత్రములను ఒక్కటిగా కూర్చి, ఇద్దఱు రాజుల నొక్కనిగా చేసిరి. చంద్రగిరి రాజ్యమునకును జార్జికోటకును గల సంబంధము సత్యమే. రాజును, సంవత్సరమును, స్థలమును జతపఱచిన తీరు మాత్రము నిలువదు.

రెండవది, గంట కథ. తిరుమలయందు నైవేద్యసమయమున మ్రోగిన గంటను విని, మండపమునుండి మండపమునకు గంటలు మ్రోగించుచు చంద్రగిరికి తెలుపగా, రాజు అప్పుడు భుజించెడివాడట. ఇది సుందరమైన ఐతిహ్యము. ఆ రాజులకు శ్రీనివాసునియందు గల భక్తికి గుఱుతు. దానిని విడువ నక్కఱలేదు. 'అని చెప్పుదురు' అను రెండు మాటలు చేర్చిన చాలును. సాళువ నరసింహరాయాదులు స్వామికి చేసిన ధర్మములు తిరుమల శాసనములలో స్పష్టముగా నున్నవి గదా! వానిని ముందు చెప్పి, గంటను పిదప మ్రోగింపవచ్చును.

మూడవది ముఖ్యము. దుర్గకథలు వైభవమునే చెప్పుట వాడుక. 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించిన సాళువ నరసింహుని గూర్చియు, ఇచ్చట కొలువుదీర్చిన రెండవ వేంకటపతిరాయల గూర్చియు అందఱును విందురు. కాని ఈ కోట చెఱసాలయు నయ్యెను. కృష్ణదేవరాయలు తన సోదరులను ఈ దుర్గమున నిర్బంధించి యుంచెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. వారిలో నొకడగు అచ్యుతదేవరాయలు 1529లో ఇచ్చటనుండి వెడలి రాజ్యమునకు వచ్చెను. అతని అభిషేకము తిరుమలయందు స్వామిసన్నిధిని జరిగిన వృత్తాంతమును రాజనాథడిండిముని అచ్యుతరాయాభ్యుదయము చెప్పుచున్నది. కారాగృహమునకును కిరీటమునకును నడుమ నున్నది ఏడుకొండల దారియే. దీనికంటె రసవంతమైన ఘట్టమును ఏ కల్పనాకర్త కూర్పగలడు? మహారాజుల కీర్తికి కొఱతయని దీనిని దాచుట తగదు. దాచినచో ఆ గోడలు సగము సాక్ష్యమునే చెప్పినట్లగును.

చంద్రగిరి 2022 ఏప్రిలువఱకు చిత్తూరు మండలమున నుండి, ఇప్పుడు తిరుపతి మండలమున చేరినది. సరిహద్దులు మాఱినను శాసనములు మాఱవు. స్వామిని దర్శించి మఱలు యాత్రికులలో పలువురు చరిత్రగ్రంథమును చేతబట్టని వారు. వారికి ఆ సంధ్యవేళ వినబడిన కథయే చరిత్ర. తమ యూళ్లకు గొనిపోవునదియు, బిడ్డలకు చెప్పునదియు అదియే. కావున ఇట్టి ప్రదర్శనములకు కథ కూర్చునపుడు శాసనము దేనిని చెప్పుచున్నదో, విదేశీయులు దేనిని వ్రాసిరో, జనశ్రుతి దేనిని పలుకుచున్నదో, మూటిని వేర్వేఱు గొంతులతో వినిపించుట యుక్తము. అందుచే రసమునకు భంగము రాదు. శ్రోతకు వివేకము కలుగును. ఈ సీమ పండితులు ఈ పనికి పూనుకొందురు గాక.