లంకకు పడవ – కొండకు రైలు

చిన్న లంకకు పడవ ఎట్లో మన కొండసీమకు రైలు అట్లు. యాత్రికుని తెచ్చేవాడే అక్కడి మొదటి వర్తకుడు. చిల్కా సరస్సులోని కాళీజాయి లంకను చూడండి. అమ్మవారి మహిమ భక్తుల నోట ఊరూరా చేరుతుంది. బార్కుల్ రేవులో పడవవారు వారిని అందుకొంటారు. నోటిమాట పిలుస్తుంది, పడవ చేరుస్తుంది, బేరము తరువాత సాగుతుంది.

రాయగడ చరిత్రయు ఇంతే. విజయనగరం–రాయపూర్ రైలుమార్గము 1931లో పూర్తి అయినది; 1933లో విశాఖ రేవు తెరువబడినది. రేవుకు సరుకులు చేర్చవలసిన ఆ మార్గమే మజ్జిగౌరమ్మ సన్నిధికి మన ఆంధ్ర భక్తులను కూడ చేర్చినది.

కోరాపుట్ కథ వేరు. 1960 దశకములో కొత్తవలస–కిరండూల్ లైను వేసినది బైలదిల్లా ఇనుపరాయిని జపానుకు పంపుటకు. కాని ఆ సొరంగములు, లోయలే పిమ్మట చూడదగిన వింతలైనవి. 2017 ఏప్రిల్‌లో విశాఖ–అరకుల నడుమ అద్దాల పెట్టె కూడ నడిపించినారు. ఆంధ్ర పర్యాటక సంస్థ రైలు, బస్సు, భోజనము కలిపి ఒకే టిక్కెట్టుగా అమ్మినది. అందుచేత విశాఖ నుండి వచ్చేవారిలో చాలమంది బొర్రా, అరకులు చూచి వెనుదిరుగుతారు.

1,672 మీటర్ల దేవమాలి, దుడుమ జలపాతము, గుప్తేశ్వరము మనకున్నవి. లేనిది పిలిచే నోరు. కిటికీలోనుండి చూచి పోయేవాని వలన కొండవారి సంతకు కానీ చేరదు. దిగి ఒక రాత్రి నిలిచినవాడే వారి అల్లము, కాఫీగింజ కొంటాడు. రెండు భాషలు తెలిసిన మనము ఈ ఉగాదికి మన చుట్టాలను పిలిచి, ఆ సంతకు తీసుకొని పోదాము.