స్పేర్ కాట్రిడ్జ్ ఎక్కడ పెడుతున్నారు? ఆఫీసులు, జిరాక్స్ షాపులు పాటించాల్సిన జాగ్రత్తలు

దరఖాస్తులకు ఆఖరి రోజు. కౌంటర్ ముందు పదిమంది నిలబడ్డారు. ప్రింటర్‌లో టోనర్ అయిపోయింది. ‘స్పేర్ ఉందిలే’ అని అటక మీది డబ్బా దించి వేస్తే కాగితం నిండా నల్లటి మచ్చలు! కాట్రిడ్జ్ కొత్తదే. కానీ లోపలి కవర్ ఎవరో ఎప్పుడో చింపేశారు. డబ్బు పోయింది, పనీ ఆగింది. ఇలా జరగకుండా ఏం చేయాలో చూద్దాం.

లేజర్ టోనర్

టోనర్ అంటే వేడికి కరిగి కాగితానికి అంటుకునే సన్నని పొడి. తేమ తగిలితే ఉండ కడుతుంది. హెచ్‌పీ 12ఏ లాంటి కాట్రిడ్జ్‌లలో డ్రమ్ కూడా లోపలే ఉంటుంది. దానికి వెలుతురు పడదు. అందుకే కంపెనీ వాళ్లు నల్ల కవర్‌లోనో, వెలుతురు చొరని ప్యాకెట్‌లోనో పెట్టి ఇస్తారు.

* వాడే రోజు వరకూ ఆ కవర్ చింపొద్దు.
* నిలబెట్టకుండా, బల్లపరుపుగా పడుకోబెట్టండి.
* వేసే ముందు అటూ ఇటూ నెమ్మదిగా ఊపితే పొడి సమంగా సర్దుకుంటుంది.
* రీఫిల్ చేయించినదైతే మళ్లీ నల్ల కవర్‌లోనే పెట్టండి. సీల్ ఉండదు కాబట్టి కుదుపులకు పొడి కారుతుంది.

ఇంక్ కాట్రిడ్జ్, ఇంక్ బాటిల్

ఇక్కడ అసలు శత్రువు గాలి. హెచ్‌పీ 803 లాంటి వాటిలో ఇంక్ చిమ్మే సన్నని రంధ్రాలు కాట్రిడ్జ్ మీదే ఉంటాయి. టేప్ తీసి వదిలేస్తే ఎండిపోతాయి, ఇక అంతే సంగతులు. డబ్బా మీద బాణం గుర్తు ఉంటే అదే వైపు నిలబెట్టండి. ట్యాంక్ ప్రింటర్ల బాటిళ్లు మూత బిగించి నిటారుగా, పిల్లలకు అందకుండా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది కాదు.

ఏ చోటు మంచిది?

రేకుల షెడ్డు, అటక, కిటికీ పక్క, ప్రింటర్ వెనక వేడి తగిలే చోటు వద్దు. ఎండాకాలంలో రేకుల కింద వేడి మామూలుగా ఉండదు. వానాకాలంలో నేల మీద, తడి గోడకు ఆనించి పెట్టినా ముప్పే. తలుపున్న బీరువాలో నడుం ఎత్తు అర చాలు.

ఎన్ని కొనాలి?

ఆఫర్ ఉందని అరడజను కొనేస్తే పెట్టుబడి అరలో ఇరుక్కుపోతుంది. 12ఏ సుమారు 2,000 పేజీలు ఇస్తుందని కంపెనీ లెక్క. రోజుకు 50 పేజీలు తీసే షాపుకు ఒక్కటే 40 రోజులు వస్తుంది. మెషిన్‌లో ఒకటి, బీరువాలో ఒకటి ఉంటే సరిపోతుంది. డబ్బా మీద కొన్న తేదీ మార్కర్‌తో రాయండి. పాతది ముందు వరసలో, కొత్తది వెనక. ముందు కొన్నదే ముందు వాడాలి. కంపెనీ వేసిన గడువు తేదీ కొనేటప్పుడే చూసుకోండి.

పొడి ఒలికితే?

చల్లటి నీళ్లతో తడిపిన బట్టతో తుడవండి. వేడినీళ్లు వాడితే మరక పట్టేస్తుంది. ఖాళీ కాట్రిడ్జ్‌లను చెత్తబుట్టలో వేయొద్దు, కాల్చొద్దు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల పరిధిలోకి ఇవీ వస్తాయి. ఈ-వేస్ట్ సేకరించేవారికే ఇవ్వండి.

ఈ రోజు షాపు కట్టేసే ముందు మీ స్పేర్ డబ్బా ఒకసారి తీసి చూడండి. కవర్ చిరిగి ఉంటే దాన్నే ముందుగా వాడేయండి.