దగ్గు పరీక్ష: తొంబది ఏండ్ల చరిత్ర

దగ్గినపుడు, తుమ్మినపుడు, బరువెత్తినపుడు తమ ప్రమేయము లేకుండ మూత్రము జారుట పెక్కుమంది స్త్రీలకు కలుగు బాధ. కాన్పులైన వారిలోను, వయసు మీరిన వారిలోను ఇది అధికము. సిగ్గుచేత చాలమంది దీనిని ఎవరికిని చెప్పుకొనరు. వైద్యుని యొద్దకు ఏండ్ల తరబడి పోరు. పోయిన పిదప వైద్యుడు ముఖ్యముగా తేల్చవలసిన ప్రశ్న ఒకటి కలదు. మూత్రాశయమునకు ఆధారమైన భాగములు సడలుటవలన ఇట్లు జారుచున్నదా? లేక మూత్రాశయపు కండరమే అదుపు తప్పి ముడుచుకొనుచున్నదా? మొదటిదైనచో శస్త్రచికిత్స మేలు చేయగలదు. రెండవదైనచో ఆ శస్త్రచికిత్స వలన ప్రయోజనముండదు సరికదా, బాధ హెచ్చవచ్చును. పైకి మాత్రము రెండును ఒకేవిధముగా కనిపించును.

మూత్రాశయము ఒక సంచి వంటిది. దానినుండి వెలుపలికి వచ్చు గొట్టమునకు ప్రసేకమని పేరు. స్త్రీలలో దీని పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. దగ్గినపుడు కడుపులోని ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి సంచిని నొక్కును. క్రిందనుండి మోయు కండరములు గట్టిగా నున్నచో ప్రసేకము మూసికొనియే యుండును. అవి సడలినచో అది ఒత్తిడికి ఆగలేక తెరచుకొనును.

లండనులోని స్త్రీవ్యాధుల శస్త్రవైద్యుడు విక్టర్ బోనీ 1923లో ఈ విషయమై ఒక వ్యాసము ప్రచురించెను. ఆయన పేర ప్రసిద్ధికెక్కిన పరీక్ష చాల సులభమైనది. మూత్రాశయము నిండుగా నున్నపుడు స్త్రీని దగ్గుమందురు. మూత్రము జారినచో, యోనిలో రెండు వ్రేళ్ళుంచి, ప్రసేకమునకు ఇరుప్రక్కల పైకెత్తి, మరల దగ్గుమందురు. ఈసారి జారకున్నచో శస్త్రచికిత్స ఫలించునని నమ్మిరి. పరికరము అక్కరలేదు, ఖర్చు లేదు. అందుచే ఈ పరీక్ష పాఠ్యగ్రంథములలో స్థిరపడెను.

మూత్రాశయములోని ఒత్తిడిని కొలుచు ప్రయత్నము అంతకు పూర్వమే ఆరంభమైనది. ఇటలీలో మోసో, పెల్లకాని అను శాస్త్రజ్ఞులు స్త్రీలలో అట్టి కొలతలు తీసి 1882లో ప్రకటించిరి. అమెరికాలో రోజ్ అను వైద్యుడు 1927లో సిస్టోమీటరు అను పరికరమును వర్ణించెను. సన్నని గొట్టముతో మూత్రాశయమును క్రమముగా నింపుచు ఒత్తిడిని గుర్తింతురు. కండరము తనంతట ముడుచుకొనినచో ఒత్తిడి పెరుగును. ఇట్లు రెండు వ్యాధులను వేరుచేయు మార్గమొకటి దొరకినది.

పిమ్మట ఎక్స్‌రే వంతు వచ్చినది. లివర్‌పూల్‌లో జెఫ్‌కోట్, రాబర్ట్స్ 1952లో మూత్రాశయమునకు, ప్రసేకమునకు నడుమనున్న కోణమును పరిశీలించిరి. మరుసటి సంవత్సరము అమెరికాలో హాడ్జ్‌కిన్‌సన్ సన్నని లోహపు పూసల గొలుసును లోపలికి పంపి చిత్రములు తీసెను. కోణము చూచి వ్యాధిని చెప్పవచ్చునని ఆశించిరి. కాని మూత్రము జారని స్త్రీలలో సైతము కోణము మారియుండుట కనిపించినది. 1961లో స్వీడనుకు చెందిన ఎన్‌హోర్నింగ్ మూత్రాశయములోని ఒత్తిడిని, ప్రసేకములోని ఒత్తిడిని ఒకే సమయమున కొలిచెను. దగ్గునపుడు ఏది ఎంత పెరుగునో పోల్చి చూచుటకు అప్పుడు వీలు కలిగినది.

ఈ కొలతలే బోనీ పరీక్ష లోపమును బయటపెట్టినవి. 1983లో భాటియా, బెర్గ్‌మన్ అను వైద్యులు ఆ పరీక్ష జరుగుచుండగా ఒత్తిడిని కొలిచిరి. వ్రేళ్ళు ఆధారము నిచ్చుటకు బదులు ప్రసేకమును నొక్కి మూయుచున్నవని తేలినది. గొట్టమును నొక్కినచో ఎవరికైనను ధార ఆగును గదా! అరువది ఏండ్లు వైద్యులు చూచిన ఫలితము నిజమే. దానికి చెప్పుకొనిన కారణము మాత్రము తప్పు. కావున ఆ పరీక్షను బట్టి శస్త్రచికిత్స ఫలించునని ముందుగా చెప్పుట సరికాదు.

ఇట్లు యంత్రపరీక్షల ప్రతిష్ఠ పెరిగినది. శస్త్రచికిత్సకు ముందు వానిని చేయుట వాడుకయైనది. కాని అవి ఖర్చుతో కూడినవి. గొట్టములు పెట్టించుకొనుట స్త్రీకి ఇబ్బందికరము. ఒక్కొక్కప్పుడు మూత్రమునకు క్రిములు సోకును. ఇంతకును వానివలన చికిత్స మెరుగుపడునా? అమెరికాలో 630 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన 2012లో దీనికి సమాధానమిచ్చినది. వీరందరికి దగ్గినపుడు మూత్రము జారుటయే ప్రధానమైన బాధ; వైద్యుడు దానిని కంటితో చూచియుండెను. చీటీలు వేసినట్లు వీరిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మాత్రము యంత్రపరీక్షలు చేసిరి. ఒక సంవత్సరము పిదప చూడగా, యంత్రపరీక్షలు జరిగినవారిలో నూటికి 76.9 మందికి, జరుగనివారిలో 77.2 మందికి చికిత్స సఫలమైనది. భేదము లేదనియే చెప్పవలెను.

అయినను యంత్రములు వ్యర్థములు కావు. పూర్వము శస్త్రచికిత్స జరిగినవారికి, నరముల వ్యాధి గలవారికి, మూత్రాశయము పూర్తిగా ఖాళీ కానివారికి, రెండు విధముల బాధయు కలిసియున్నవారికి అవి అవసరము కావచ్చును. తక్కినవారికి వైద్యుడు బాధను ఓపికగా విని, మూత్రమును పరీక్షించి, విసర్జన తరువాత ఎంత మిగిలినదో కొలిచి, నిండు మూత్రాశయముతో దగ్గించి చూచుట చాలును. దగ్గిన క్షణమున జారి వెంటనే ఆగినచో ఆధారము సడలినదనుటకు అది గుర్తు. కొన్ని క్షణములు ఆగి మొదలై, ఆగక పారినచో కండరమును శంకింపవలెను. బోనీ పరీక్షలో వ్రేళ్ళ పని చెల్లలేదు. దగ్గు మాత్రము నేటికిని నిలిచియున్నది.