గ్రాఫులో సున్నా ఎక్కడ?

2016లో, అప్పటి మా ఆఫీసులో ఒక సర్వరు సీపీయూ గ్రాఫు రెండు వారాలపాటు ఖాళీగా వచ్చింది. యాక్సిసులున్నాయి, తేదీలున్నాయి, గీతే లేదు. ఈ సర్వరుకి పనేమీ లేనట్టుంది, తీసేద్దామా అని పైనుంచి మెయిలు కూడా వచ్చేసింది. అదేమో పాపం రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తూనే ఉంది! స్క్రిప్టులో ఎక్స్ రేంజి తీసేసి చూశాను. గీత ప్రత్యక్షం. కింద మాత్రం 1986 అని ఉంది. (గ్నూప్లాట్ మొదటిసారి బయటికొచ్చింది కూడా ఆ ఏడే. కాకతాళీయమే లెండి.)

తవ్వితే తేలిందేంటంటే, ఇలాంటి సాఫ్టువేరు లోపల తేదీ అంటూ విడిగా ఏమీ ఉండదు. ఎక్కడో ఒక సున్నా, అక్కణ్ణుంచి లెక్కపెట్టిన అంకె, అంతే. గ్నూప్లాట్ 4 దాకా ఆ సున్నా 2000 జనవరి 1. యూనిక్సుదేమో 1970 జనవరి 1. అందుకని మా స్క్రిప్టు రాసిన మహానుభావుడు లాగులోని ప్రతి టైములోంచీ 946684800 సెకన్లు తీసేసేవాడు. 2015లో వచ్చిన గ్నూప్లాట్ 5.0 తన సున్నాని కూడా 1970కి జరిపింది. మెషీను అప్‌గ్రేడయింది, తీసివేత అలాగే ఉండిపోయింది. దాంతో డేటా ముప్ఫై ఏళ్ళు వెనక్కెళ్ళింది. రేంజిని కొటేషన్లలో తేదీగా రాశారు కాబట్టి అది 2016లోనే నిలబడింది. వై రేంజి 0 నుంచి 100 అని ముందే బిగించేయడం వల్ల ఒక్క ఎర్రరూ లేదు.

ఈ జబ్బు పాతదే. 1983లో వచ్చిన లోటస్ 1-2-3, 1900ని లీపు సంవత్సరం అనుకుంది. దానితో పొత్తు కుదరాలని ఎక్సెల్ ఆ తప్పుని తెలిసే మోసింది. ఈరోజుకీ అందులో 60 అంటే 1900 ఫిబ్రవరి 29, అసలు లేని రోజు! అంతకుముందు సంగతులైతే ఎక్సెల్‌కి తేదీలే కావు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టని దాని డేటు యాక్సిస్ మీద పెట్టలేం. మాక్ ఎక్సెల్ చాలాకాలం 1904 నుంచి లెక్కపెట్టేది. అక్కడి అంకెల్ని ఇక్కడ అలాగే అతికిస్తే 1462 రోజుల తేడా.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఒకటో సంవత్సరం నుంచి రోజుల్ని లెక్కపెట్టేది. అంత దూరంనుంచి లెక్కపెడితే 64 బిట్ల ఫ్లోటులో ఏడు లక్షల పైచిలుకు రోజులకే చోటంతా పోయి, 10 మైక్రోసెకన్లకన్నా దగ్గరి క్షణాలు కలిసిపోతాయి. 2020లో 3.3 వెర్షను వాళ్ళు సున్నాని 1970కి తెచ్చారు. మంచి పనే. కానీ 2009 జనవరి 1 అనే ఉద్దేశంతో ఎవరైనా లిమిటుగా 733408 అని అంకె రాసుకుని ఉంటే, ఇప్పుడది 3978 జనవరి 2.

మా గ్రాఫు సంగతా? తీసివేత కొట్టేశాను. గీత 2016లోకి వచ్చింది, 80 శాతం దగ్గర తచ్చాడుతూ. సర్వరు తీసేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.